కోచ్ మారితే రాత మారుతుందా?

శనివారం పొద్దున్నే ఊరు ఎర్రబడటం మొదలవుతుంది. ఎర్ర చొక్కాలు, ఎర్ర టోపీలు, ఎర్ర జెండాలు కట్టుకున్న కార్లు... మొక్కజొన్న చేల మధ్య నుంచి బారులు తీరి ఒక్క చోటికే వస్తుంటాయి. ఆట మొదలయ్యే వేళకి ఆ స్టేడియంలో సుమారు 85 వేలమంది. ఆ రాష్ట్రంలో అంతకన్నా ఎక్కువ జనాభా ఉన్న ఊళ్లు రెండే రెండు... ఒమాహా, లింకన్. అంటే ఆట ఉన్న రోజున స్టేడియమే రాష్ట్రంలో మూడో పెద్ద నగరం అన్నమాట!

ఇది అమెరికా నడిమధ్యన ఉన్న నెబ్రాస్కా రాష్ట్రం సంగతి. అంతమంది వచ్చేది ఏ ప్రపంచకప్ చూడ్డానికో కాదు. లింకన్‌లోని స్టేట్ యూనివర్సిటీ కుర్రాళ్లు ఆడే ఫుట్‌బాల్ చూడ్డానికి.

గెలిస్తే పండగే. ఓడిన రాత్రి మాత్రం అదే జనం కార్లలో రేడియో పెట్టుకుని ఇంటిదారి పడతారు. దారి పొడవునా ఒకటే చర్చ. కోచ్‌ని మార్చాలా? ఆయన కింద ఉన్న అసిస్టెంట్లను మారిస్తే సరిపోతుందా? లేక ఎవరినీ కదపకుండా ఇంకో ఏడాది ఓపిక పట్టాలా? స్టీరింగ్ దగ్గర కూర్చున్న తండ్రిది ఒక మాట, వెనక సీట్లో కొడుకుది ఇంకో మాట. ఇల్లు చేరేసరికి ఇద్దరికీ మాటలుండవు.

ఈ గొడవ ప్రతి ఊళ్లో, ప్రతి ఆటలో ఉన్నదేగా అనుకోవచ్చు. 2007 ప్రపంచకప్‌లో మన క్రికెట్ జట్టు తొలి రౌండ్‌లోనే ఇంటికొచ్చేసినప్పుడు గ్రెగ్ చాపెల్ గురించి మన టీకొట్ల దగ్గర జరగని చర్చ ఉందా? కానీ నెబ్రాస్కాకి ఒక ప్రత్యేకత ఉంది. ఆ ప్రశ్నకి ఉన్న జవాబులన్నీ అక్కడివాళ్లు ఒక్కొక్కటిగా వాడి చూశారు. ఓపిక పట్టారు. తీసేశారు. అసిస్టెంట్లను మాత్రమే మార్చారు. సొంతూరి బిడ్డనే తెచ్చి కూర్చోబెట్టారు.

పొట్టు ఒలిచేవాళ్లు

ముందు ఆ ఆట గురించి రెండు ముక్కలు. ఇది మన హైదరాబాద్ రహీమ్ సాబ్ ఆడించిన ఫుట్‌బాల్ కాదు. తలకి హెల్మెట్, భుజాలకి మెత్తలు కట్టుకుని, కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తే ఆట. బంతి చేతిలో ఉన్నప్పుడు ఆడే పదకొండు మంది వేరు, అవతలివాళ్లని ఆపే పదకొండు మంది వేరు. వాళ్లది అఫెన్స్, వీళ్లది డిఫెన్స్. అందుకే ఇక్కడ కోచ్ అంటే ఒక మనిషి కాదు, ఒక చిన్న ఆఫీసు. పైన హెడ్‌కోచ్. ఆయన కింద అఫెన్స్‌కొకరు, డిఫెన్స్‌కొకరు కోఆర్డినేటర్లు. పరిగెత్తేవాళ్లకి ఒకరు, బంతి పట్టేవాళ్లకి ఒకరు, ముందు వరసలో ఢీకొనే భారీకాయులకి ఒకరు... ఇలా ఒక్కో పనికి ఒక్కో అసిస్టెంట్. 2018 నుంచి కొన్నేళ్లపాటు పదిమంది అసిస్టెంట్లకి అనుమతి ఉండేది.

ఈ అసిస్టెంట్ల పని మైదానంతో అయిపోదు. దేశమంతా తిరిగి, హైస్కూలు కుర్రాళ్ల ఇళ్లకి వెళ్లి, తల్లిదండ్రులతో కబుర్లు చెప్పి 'మీవాడిని మా యూనివర్సిటీకి పంపండి' అని ఒప్పించేది కూడా వీళ్లే. కుర్రాడు సంతకం పెట్టేది యూనివర్సిటీ పేరు చూసి కొంత, ఇంటికొచ్చిన ఆ మనిషిని చూసి కొంత. రేపు ఆ మనిషినే తీసేస్తే? అభిమానులు 'మార్చేయండి' అని కేకలు వేసేటప్పుడు తరచూ మర్చిపోయే సంగతి ఇదే.

నెబ్రాస్కా జట్టు పేరు కార్న్‌హస్కర్స్. మొక్కజొన్న పొత్తులకి పొట్టు ఒలిచేవాళ్లు అని అర్థం. అచ్చమైన రైతు పేరు. 2020 లెక్కల ప్రకారం ఆ రాష్ట్రం మొత్తం జనాభా 19 లక్షల 60 వేలు. ఎన్ఎఫ్ఎల్ జట్టు లేదు. ఎన్‌బీఏ జట్టు లేదు. మేజర్ లీగ్ బేస్‌బాల్ జట్టూ లేదు. సముద్రం లేదు, పెద్ద కొండల్లేవు. మాకంటూ ఉంది అని పక్క రాష్ట్రం వాళ్లకి చూపించుకోవడానికి ఆ ఎర్రచొక్కా జట్టొక్కటే. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల్లో గవర్నర్ కన్నా, యూనివర్సిటీ పెద్దల కన్నా ఎక్కువ జీతం ఫుట్‌బాల్ కోచ్‌దే. అంతటి ఉద్యోగం గురించి జనం మాట్లాడుకోకుండా ఎలా ఉంటారు?

సంతకాలు పెట్టినవాళ్లు

బాబ్ డెవానీ 1962లో లింకన్ వచ్చారు. అంతకు ముందు ఏళ్ల తరబడి ఆ జట్టుకి ఓటములే అలవాటు. ఆయన మొదటి ఏడాదే తొమ్మిది మ్యాచ్‌లు గెలిపించారు. ఆ ఏడాది నవంబరు 3న స్టేడియం టికెట్లన్నీ అమ్ముడుపోయాయి. ఆ తర్వాత అక్కడ జరిగిన ప్రతి ఆటకీ అన్నీ అమ్ముడుపోతూనే ఉన్నాయి. 2024 సెప్టెంబరులో ఆ వరస నాలుగు వందలకు చేరింది.

అలాంటి డెవానీకే 1967లో గ్రహచారం ఎదురుతిరిగింది. ఆరు గెలుపులు, నాలుగు ఓటములు. 1968లోనూ మళ్లీ అంతే. పైగా చివరి ఆటలో ఓక్లహామా చేతిలో 47-0తో చిత్తు. ఒమాహాలో కొందరు కాగితాలు పట్టుకుని బయల్దేరారు... డెవానీని తీసేయాలంటూ సంతకాల సేకరణకి! ఆరేళ్ల కిందట నెత్తిన పెట్టుకున్న మనిషినే.

డెవానీ ఉద్యోగం పోలేదు. ఆయన కూడా మొండికెయ్యలేదు. అఫెన్స్‌ని మొత్తం మార్చి కొత్తగా కట్టే పనిని తన దగ్గరున్న ఓ కుర్ర అసిస్టెంట్‌కి అప్పగించారు. పొడుగ్గా, ఎర్రటి జుట్టుతో, పెద్దగా మాట్లాడని ఆ కుర్రాడి పేరు టామ్ ఆస్బోర్న్. రెండేళ్లు తిరక్కుండా 1970లో నెబ్రాస్కా జాతీయ చాంపియన్. 1971లో మళ్లీ చాంపియన్. సంతకాలు పెట్టినవాళ్లు ఆ కాగితాలు ఎక్కడ దాచుకున్నారో మరి!

1973లో డెవానీ తన కుర్చీని ఆస్బోర్న్‌కి ఇచ్చారు. ఇక్కడి నుంచి కథ ఇంకా విచిత్రం. ఆస్బోర్న్ ఓక్లహామా మీద మొదటి ఐదేళ్లూ వరసగా ఓడిపోయారు. మిగతా జట్లన్నింటినీ గెలిచి, అసలైన ప్రత్యర్థి దగ్గరికి రాగానే బోల్తా. 'మంచివాడే, కానీ పెద్ద ఆటలు గెలిపించలేడు' అన్న ముద్ర పడింది. 1978లో ఎట్టకేలకు 17-14తో ఆ శాపం తీరింది. ఆ సీజన్ అయ్యాక కొలరాడో యూనివర్సిటీ పిలిస్తే వెళ్లి చూసి కూడా వచ్చారాయన. చివరికి మనసొప్పక ఉండిపోయారు.

ఆస్బోర్న్‌కి తొలి జాతీయ టైటిల్ ఎప్పుడొచ్చిందో తెలుసా? 1994లో. అంటే హెడ్‌కోచ్‌గా ఆయన 22వ సీజన్‌లో! ఆ తర్వాత 1995, 1997లోనూ గెలిచి, ఘనంగా తప్పుకున్నారు. పాతికేళ్లలో 255 విజయాలు, 49 ఓటములు, మూడు డ్రాలు. ఏ ఒక్క ఏడాదీ తొమ్మిది కన్నా తక్కువ గెలవలేదు. తర్వాత అదే జనం ఆయన్ని మూడుసార్లు అమెరికా కాంగ్రెస్‌కి ఎన్నుకున్నారు. గవర్నర్ పదవికి నిలబడితే మాత్రం 2006లో పార్టీ ప్రైమరీలోనే ఓడించారు. అభిమానం అభిమానమే, ఓటు ఓటే!

'ఓపిక పట్టండి' అనేవాళ్ల దగ్గర ఇంతకన్నా పెద్ద ఆయుధం లేదు. కాకపోతే ఒక చిన్న మెలిక ఉంది. ఆ 22 ఏళ్లూ ఆస్బోర్న్ గెలుస్తూనే ఉన్నారు. అక్కడ ఓపిక పట్టింది టైటిల్ కోసమే తప్ప, ఓటములతో కాదు. ఈ తేడా చెప్పకుండా ఆస్బోర్న్ పేరు వాడేవాళ్లు ఇప్పటికీ చాలామంది ఉన్నారు.

తొమ్మిది గెలిచినా...

ఆస్బోర్న్ తర్వాత ఫ్రాంక్ సోలిచ్. ఒకప్పుడు డెవానీ జట్టులో ఆడినవాడు, ఆస్బోర్న్ దగ్గర ఏళ్ల తరబడి అసిస్టెంట్. 2001లో జట్టుని జాతీయ ఫైనల్ దాకా తీసుకెళ్లారు. అక్కడ మయామీ చేతిలో ఓడారు. 2002లో ఏడు గెలుపులు, ఏడు ఓటములు. ఊళ్లో గుసగుసలు మొదలయ్యాయి.

సోలిచ్ వెంటనే అసిస్టెంట్లను మార్చారు. ఏళ్ల తరబడి కలిసి పనిచేసినవాళ్లని పక్కనపెట్టి, డిఫెన్స్‌కి బో పెలీని అనే కొత్త మనిషిని తెచ్చారు. ఫలితం కనిపించింది. 2003 సీజన్‌లో తొమ్మిది గెలుపులు, మూడే ఓటములు. నవంబరు 28, శుక్రవారం కొలరాడో మీద గెలిచారు. మర్నాడు శనివారం... ఉద్వాసన! క్రీడా విభాగానికి అధిపతిగా వచ్చిన స్టీవ్ పీడర్సన్ వాదన ఒకటే. మేం మామూలు జట్టుగా జారిపోవడానికి ఒప్పుకోం అని.

తర్వాతి ఏడాది కొత్త కోచ్ బిల్ కాలహన్ చేతిలో నెబ్రాస్కా ఐదు గెలిచి ఆరు ఓడింది. 1961 తర్వాత గెలుపుల కన్నా ఓటములు ఎక్కువైన మొదటి సీజన్ అదే. 2007 నాటికి కాన్సస్ చేతిలో 76 పాయింట్లు ఇచ్చుకునే దాకా వచ్చింది. ఆ సీజన్ మధ్యలోనే పీడర్సన్ పదవి పోయింది. సీజన్ చివర్న కాలహన్‌దీ పోయింది. గొడ్డలి పట్టినవాడి మీదే గొడ్డలి పడిందని లింకన్‌లో చాలామంది తృప్తిపడ్డారు. కానీ పోయిన నాలుగేళ్లు తిరిగొస్తాయా?

మళ్లీ పెలీనినే పిలిచారు. 2008 నుంచి 2014 దాకా ఏడేళ్లు. ప్రతి ఏడాదీ తొమ్మిదో పదో గెలుపులు. ప్రతి ఏడాదీ నాలుగు ఓటములు. ఆ నాలుగూ మాత్రం చిన్నా చితకా ఓటములు కావు. 2012లో విస్కాన్సిన్ చేతిలో 70-31, 2014లో మళ్లీ వాళ్ల చేతిలోనే 59-24. పైగా పెలీని నోరు మంచిది కాదు. అభిమానుల్నే బూతులు తిట్టిన పాత రికార్డింగ్ ఒకటి 2013లో బయటపడింది. అభిమానులు నిట్టనిలువునా రెండుగా చీలారు. 'తొమ్మిది గెలుపులంటే మాటలా?' అని ఒకరు. 'గెలవాల్సిన ఆట ఒక్కటీ గెలవనప్పుడు తొమ్మిదెందుకు, తొంభై ఎందుకు?' అని ఇంకొకరు. 2014 నవంబరు 28, శుక్రవారం అయోవా మీద గెలిచారు. ఆదివారం ఉద్వాసన. పదకొండేళ్ల తర్వాత అదే తారీఖు, అదే కథ!

ఆ తర్వాత వచ్చిన మైక్ రైలీ సౌమ్యుడు, అందరూ ఇష్టపడే పెద్దమనిషి. మూడేళ్లలో 19 గెలుపులు, 19 ఓటములు. ఆయనా వెళ్లిపోయారు.

మనూరి పిల్లాడు

2017 డిసెంబరులో స్కాట్ ఫ్రాస్ట్ వచ్చినప్పుడు లింకన్‌లో కనిపించిన సంబరం అంతా ఇంతా కాదు. నెబ్రాస్కాలోనే పుట్టి, వుడ్ రివర్ అనే చిన్న ఊళ్లో పెరిగినవాడు. 1997లో టైటిల్ గెలిచిన జట్టుకి క్వార్టర్‌బ్యాక్. ఫ్లోరిడాలో ఓ యూనివర్సిటీ జట్టుని ఒక్క ఓటమీ లేకుండా నడిపిస్తున్నవాడు. ఇంతకన్నా ఏం కావాలి? చర్చ ముగిసింది అనుకున్నారంతా. ఈసారి వచ్చినవాడు మనవాడు కదా!

మొదటి ఏడాది నాలుగు గెలుపులు. రెండో ఏడాది ఐదు. మూడో ఏడాది, కోవిడ్ సీజన్‌లో మూడు. నాలుగో ఏడాది 2021లో మళ్లీ మూడే. ఆ ఏడాది తొమ్మిది ఓటములు... తొమ్మిదీ తొమ్మిది పాయింట్లు లేదా అంతకన్నా తక్కువ తేడాతోనే! ఆ సీజన్ మొత్తం మీద నెబ్రాస్కా చేసిన పాయింట్లు ప్రత్యర్థులకి ఇచ్చుకున్నవాటి కన్నా ఎక్కువ. అయినా మిగిలింది మూడు గెలుపులే.

ఈ లెక్క అభిమానులకి పిచ్చెక్కించింది. ఒకే అంకెను ఇద్దరూ చెరోవైపు లాగారు. 'చూడండి, ఒక్క అడుగు దూరంలో ఉన్నాం, ఇప్పుడు మార్చడం తెలివితక్కువ' అన్నది ఒక వర్గం. 'ఒకటి రెండుసార్లయితే దురదృష్టం. తొమ్మిదిసార్లయితే దానిపేరు కోచింగ్' అన్నది రెండో వర్గం. రెండో వాదనలో పస ఎక్కువని ఈ వ్యాసకర్తకి అనిపిస్తుంది. కానీ సొంత బిడ్డని బయటికి పంపమనడం అంత సులువా? ఫ్రాస్ట్‌ని ద్వేషించేవాళ్లు కూడా ఆ మాట గట్టిగా అనలేక నలిగిపోయారు.

2021 నవంబరు 8న ఒక మధ్యేమార్గం వచ్చింది. క్రీడా విభాగాధిపతి ట్రెవ్ ఆల్బర్ట్స్... ఆయనా పాత హస్కరే... ఫ్రాస్ట్‌ని ఉంచుతున్నట్లు చెప్పారు. జీతం ఏడాదికి 50 లక్షల డాలర్ల నుంచి 40 లక్షలకి తగ్గింది. తీసేస్తే చెల్లించాల్సిన పరిహారమూ తగ్గేలా ఒప్పందం తిరగరాశారు. దాంతోపాటు అఫెన్స్‌లో నలుగురు అసిస్టెంట్లకి అదే రోజు ఉద్వాసన. ఇంకా రెండు మ్యాచ్‌లు మిగిలి ఉండగానే!

డెవానీ 1968లో చేసిందీ అఫెన్స్ మార్పే. సోలిచ్ చేసిందీ అసిస్టెంట్ల మార్పే. మరి ఒకే మందు ముగ్గురికి మూడు రకాలుగా ఎందుకు పనిచేసింది? డెవానీ తన తప్పేమిటో తానే గుర్తించి, ఇంట్లో ఉన్న మనిషికే పని అప్పగించాడు. సోలిచ్‌కి మందు పనిచేసింది, కానీ అప్పటికే పైవాళ్లకి డాక్టరు మీద నమ్మకం పోయింది. ఫ్రాస్ట్ దగ్గరికొచ్చేసరికి అది బేరంలో భాగంగా కనిపించింది. పెద్దాయన కుర్చీ నిలవాలంటే నలుగురు పోవాలి. పోయిన ఆ నలుగురిలో ఫ్రాస్ట్‌తో పాటు ఫ్లోరిడా నుంచి కదిలి వచ్చినవాళ్లున్నారు. కోచ్‌లకి ఊరు మారడం అంటే పెళ్లాం పిల్లల బడులు, ఇళ్లు, స్నేహాలు అన్నీ మారడమే. ఆ బాధ గురించి చర్చల్లో ఎవరూ మాట్లాడరు.

2022 ఆగస్టు 27. కొత్త అసిస్టెంట్లతో తొలి ఆట ఐర్లండ్‌లోని డబ్లిన్‌లో. ప్రత్యర్థి నార్త్‌వెస్టర్న్. 28-17తో ముందున్నప్పుడు ఫ్రాస్ట్ హఠాత్తుగా ఆన్‌సైడ్ కిక్ కొట్టించారు. అంటే బంతిని దూరంగా తన్నకుండా, దగ్గర్లోనే తన్ని మళ్లీ మనమే పట్టుకుందామన్న ఎత్తు. వెనకబడి ఉన్నవాళ్లు తెగించి ఆడే జూదం అది. బంతి అవతలివాళ్లకి దొరికింది. ఆట 31-28తో పోయింది. అసిస్టెంట్లు మారారు... నిర్ణయం తీసుకునే మనిషి మారలేదు!

రెండు వారాల తర్వాత సొంతగడ్డ మీద జార్జియా సదరన్ అనే చిన్న జట్టు చేతిలో 45-42తో ఓటమి. అప్పటిదాకా ఆ స్టేడియంలో 35 లేదా అంతకన్నా ఎక్కువ పాయింట్లు చేసిన 214 ఆటల్లోనూ నెబ్రాస్కా ఓడిందే లేదు. మర్నాడు సెప్టెంబరు 11న ఫ్రాస్ట్ కథ ముగిసింది. మొత్తం 16 గెలుపులు, 31 ఓటములు. అక్టోబరు 1 దాకా ఆగితే ఆయనకి చెల్లించాల్సిన కోటీ 50 లక్షల డాలర్లు సగానికి తగ్గేవి. మూడు వారాలు! ఆ మూడు వారాలు కూడా ఆగలేకపోయారు. ఫ్రాస్ట్ పోయిన వారానికి డిఫెన్స్ కోఆర్డినేటర్ వంతూ వచ్చింది.

ఖాళీ కుర్చీ

ఇన్ని జరిగినా ఆ స్టేడియంలో టికెట్లు మిగల్లేదు. ఇదే నెబ్రాస్కా అభిమానుల గొప్పతనం, ఇదే వాళ్ల చిక్కు. మామూలుగా అభిమాని చేతిలో ఉండే ఓటు ఒకటే... టికెట్ కొనకుండా ఇంట్లో కూర్చోవడం. ఆ ఓటు వాళ్లు వేయరు. 1962 నుంచి వస్తున్న వరసని తెంపిన తరం తామే కాకూడదని పంతం. తాతలు కొన్న సీట్లలో మనవలు కూర్చునే చోట 'ఈసారి మానేద్దాం' అన్న మాట నోటికి రాదు. 2021లో టికెట్లు మిగిలేలా కనిపిస్తే దాతలు ముందుకొచ్చి డబ్బు కట్టారు, ఆటకి రాలేని పేద పిల్లలకి ఆ సీట్లు దక్కాయి. మంచి పనే. కానీ ఆఫీసులో కూర్చున్న పెద్దలకి మాత్రం అన్ని ఏళ్లూ ఒకేలా కనిపిస్తాయి. గెలిచినా స్టేడియం నిండుగా, ఓడినా నిండుగా!

అందుకే అక్కడ తీర్పు చెప్పేది టికెట్ కొనేవాడు కాదు, పరిహారం కట్టగలిగేవాడు. కోచ్‌ని తీసేయడానికి కోట్ల డాలర్లు ఎవరు సర్దుతారన్న దగ్గర చర్చ ఆగుతుంది. కారులో వాదించుకునే తండ్రీ కొడుకులకి అక్కడ కుర్చీ లేదు.

2022 నవంబరులో మ్యాట్ రూల్‌ని ఎనిమిదేళ్లకి, 7 కోట్ల 40 లక్షల డాలర్ల ఒప్పందంతో తెచ్చారు. మొదటి ఏడాది ఐదు గెలుపులు, ఏడు ఓటములు. దాంతో వరసగా ఏడో సీజన్ ఓటముల ఖాతాలోకే వెళ్లింది. 2024లో మళ్లీ తడబడుతుంటే రూల్ సీజన్ మధ్యలోనే అఫెన్స్ బాధ్యతని డేనా హోల్గర్సన్‌కి ఇచ్చారు. పాత కోఆర్డినేటర్‌ని వెళ్లగొట్టకుండా వేరే పనికి మార్చారు. ఆ డిసెంబరులో న్యూయార్క్‌లో బోస్టన్ కాలేజీ మీద 20-15తో గెలిచి, 2015 తర్వాత తొలి బౌల్ విజయం అందుకున్నారు. 2025 అక్టోబరులో రూల్ ఒప్పందం 2032 దాకా పొడిగించారు. ఆ సీజన్ చివర్లో డిఫెన్స్ కోఆర్డినేటర్‌ని మార్చారు. కార్లలో రేడియో మళ్లీ మోగడం మొదలైంది.

రూల్ వచ్చిన కొత్తలో చేసిన పని ఒకటి చెప్పాలి. 2003లో తొమ్మిది గెలిచీ ఉద్యోగం పోగొట్టుకున్న ఫ్రాంక్ సోలిచ్ ఆ తర్వాత ఒహాయో యూనివర్సిటీకి వెళ్లారు. ఆ చిన్న జట్టుని పదహారు సీజన్లు నడిపి, 115 గెలుపులతో వాళ్ల కాన్ఫరెన్స్‌లో అందరికన్నా ఎక్కువ గెలిచిన కోచ్ అయ్యారు. లింకన్ స్టేడియం వైపు మాత్రం రాలేదు. ఆయన్ని రమ్మని రూల్ పిలిచారు.

2023 ఏప్రిల్‌లో, తమలో తాము రెండు జట్లుగా ఆడుకునే వసంతకాలపు ఆట రోజున, దాదాపు ఇరవై ఏళ్ల తర్వాత సోలిచ్ ఆ మైదానంలోకి నడిచి వచ్చారు. ఆయనకప్పుడు 78 ఏళ్లు. ఎర్రచొక్కాల్లో అరవై వేలకు పైగా జనం. ఒకప్పుడు ఆయన్ని తీసేయాలన్నవాళ్లు, వద్దన్నవాళ్లు, అప్పటికి పుట్టనివాళ్లు... అందరూ కలిసి చప్పట్లు కొట్టారు.